వాక్యాలు నాలుగు రకాలట!

ఇంగ్లీషు వ్యాకరణం లెక్కన మనిషి నోరు విప్పి చెయ్యగలిగినవి నాలుగే పనులు. ఉన్నమాట చెప్పడం, అడగడం, పురమాయించడం, ఆశ్చర్యపోవడం. అసెర్టివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ అని వాటికి పేర్లు. సాయంత్రం పూట మా అరుగు మీద చేరే ఆరో తరగతి పిల్లలు నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసుకుని, పుస్తకంలో ఇచ్చిన వాక్యాలన్నిటినీ వాటిలో సర్దేస్తుంటారు. చిత్రమేమిటంటే వాళ్ళు వాక్యం చదవరు. చివర్న ఏ గుర్తుందో చూస్తారు. కొక్కెముంటే రెండో గడి, నిలువుగీత కింద చుక్క ఉంటే నాలుగో గడి. వట్టి చుక్కైతే మొదటిదా మూడోదా అని ఒక్క క్షణం ఆలోచిస్తారు. పని చకచకా అయిపోతుంది, తప్పులు కూడా పెద్దగా రావు.

ఈ గళ్ళు మన ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చింది రెన్ అండ్ మార్టిన్ పుస్తకం చలవ వల్ల. మొదటాయన పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ బొంబాయి రాష్ట్రంలో విద్యాశాఖ ఉద్యోగం చేసిన ఇంగ్లీషాయన. ఫ్రెంచివాళ్ళ ఫారిన్ లీజియన్ సిపాయిల మీద 1924లో 'బో జెస్ట్' అనే నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత 1930ల్లో మార్టిన్‌తో కలిసి ఆయన చేసిన హైస్కూలు గ్రామరే ఇన్ని తరాలుగా మన పిల్లల సంచుల్లో మోత. సిపాయిల కథ రాసిన చెయ్యి కనక ఇంపరేటివ్ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. పటాలంలో ఆజ్ఞ అచ్చంగా ఆజ్ఞలాగే వినపడుతుంది. కానీ మాది నిడదవోలు. ఇక్కడ ఆజ్ఞ ఏ వేషంలో వస్తుందో వచ్చేదాకా తెలీదు.

మద్రాసు-హౌరా పెద్ద లైను మీంచి భీమవరం, నరసాపురం వైపు రైలుమార్గం చీలేది మా జంక్షన్‌లోనే. బండి వచ్చేముందు మైకులో ఇంగ్లీషు ముక్క ఇలా మొదలవుతుంది: మే ఐ హేవ్ యువర్ అటెన్షన్ ప్లీజ్. గళ్ళ లెక్కన ఇది రెండో గడిలోకి పోవాలి. నాకు మీ దృష్టి దొరుకుతుందా అని అడుగుతోంది మరి. ప్లాట్‌ఫారం మీద అంతమంది ఉంటారు, ఒక్కరైనా "దొరుకుతుందండీ" అన్న పాపాన పోరు. ఆవిడా జవాబు కోసం ఆగదు. అదే ముక్క తెలుగులోకి వచ్చేసరికి "దయచేసి వినండి" అవుతుంది. ఇది నికార్సైన మూడో గడి. బండి ఒకటే, ప్లాట్‌ఫారం ఒకటే, చెప్పదలచుకున్న సంగతీ ఒకటే. ఇంగ్లీషులో అడిగి చెప్పింది, తెలుగులో పురమాయించి చెప్పింది. రెండిట్లో ఏదీ మర్యాద తక్కువ కాలేదు.

ఇలా ఎందుకైందో చూస్తే వ్యాకరణంలో అసలు కిటుకు బయటపడుతుంది. తెలుగు క్రియ చివర్లోనే మర్యాద ఉంది. విను, వినండి. రా, రండి. ఆజ్ఞను ఆజ్ఞగానే ఉంచి, దాని తోకకు 'అండి' తగిలిస్తే ఎంత పెద్దవారినైనా పురమాయించవచ్చు. ఇంగ్లీషుకు ఆ సదుపాయం లేదు. ఒకప్పుడు వాళ్ళకూ నువ్వు, మీరు అనే తేడా ఉండేది. పదిహేడో శతాబ్దం దాటాక ఆ 'నువ్వు' మామూలు వాడుకలోంచి జారిపోయింది, మిగిలింది ఒక్క 'యూ'. ఇక 'సిట్' అంటే కుక్కపిల్లకూ అదే, కలెక్టరుగారికీ అదే. అలాంటి భాషలో పెద్దమనిషిని కూర్చోమనడం ఎలా? మూడో గడి వదిలేసి రెండో గడిలోకి పోవాలి. కూర్చుంటారా, కూర్చోవడం మీకు అభ్యంతరమా, కూర్చోగలరా అని ప్రశ్నలెయ్యాలి. మనం ప్రత్యయంతో సాధించేదాన్ని వాళ్ళు వాక్యం రకాన్నే మార్చి సాధిస్తారు. పిల్లల పుస్తకంలో నాలుగు గళ్ళున్నాయి గానీ, మనిషి ఎదట నిలబడగానే ఒక గడిలోంచి ఇంకో గడిలోకి దూకాలన్న ముక్క ఎక్కడా లేదు.

అందువల్ల ఏమవుతుందంటే, పుట్టింది మొదలు అండీ లేకుండా నోరు తెరవని మా గోదావరి కుర్రాడు ఇంగ్లీషులోకి దిగగానే బోసిపోతాడు. "గివ్ మీ టూ డేస్ లీవ్." వ్యాకరణం దిట్టంగా ఉంది. అన్న మరుక్షణం వాడికే ఎక్కడో గుచ్చుకుంటుంది. వెంటనే ముందొక సార్, వెనకొక సార్ చేరుస్తాడు. "సార్, గివ్ మీ టూ డేస్ లీవ్ సార్." హైదరాబాదులోనో బెంగుళూరులోనో వినేవాళ్ళు ఈ కుర్రాడు మరీ వంగిపోతున్నాడనుకుంటారు. పాపం వాడు వంగడం లేదు. ఇంగ్లీషు క్రియకు తోక దొరక్క, చేతికందిన 'సార్'నే అండీగా వాడుకుంటున్నాడు. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మర్యాదతో నడిపిస్తున్నాడు.

రెండో గడి సంగతి మరీ తమాషా. ఇంగ్లీషులో ప్రశ్న వెయ్యాలంటే వాక్యం ఇల్లంతా సర్దాలి. కర్త ముందుకు 'డిడ్' అనో 'ఈజ్' అనో ఒకదాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి. తెలుగులో చివర దీర్ఘం తీస్తే చాలు. బండి వచ్చింది, బండి వచ్చిందా? అంతేనా అంటే, ఆ దీర్ఘం ఒకచోట కుదురుగా ఉండదు, కావలసిన మాట మీదికల్లా పోతుంది. "బండి ఇప్పుడు వచ్చిందా?" అంటే సమాచారం కోసం. "బండి ఇప్పుడా వచ్చేది?" అంటే గంట నుంచి నిలబడ్డవాడి మంట. ఈ రెండోదానికి చివర కొక్కెమే ఉంటుంది గానీ ఏ స్టేషను మాస్టరూ దానికి టైము చెప్పడు.

ప్లాట్‌ఫారం మీద రోజూ వినపడే ఇంకో మాట తీసుకోండి: "ఇది నరసాపురం బండేనాండీ?" ఆ చివరి మాటను విప్పి చూస్తే బండి ఉంది, దాని మీద 'ఏ' ఉంది, దాని మీద 'నా' ఉంది, దాని మీద అండీ ఉంది. 'ఏ' అంటే నాకు ఇదేనని దాదాపు తెలుసునని. 'నా' అంటే అయినా అడుగుతున్నానని. 'అండీ' అంటే మిమ్మల్ని గౌరవించి అడుగుతున్నానని. నమ్మకం, అనుమానం, మర్యాద మూడూ ఒక్క ఊపిరిలో. దీనికి పక్కాయన "ఆయ్, ఎక్కండి" అంటాడు. ప్రశ్నకు జవాబుగా ఆజ్ఞ వచ్చింది. ఇద్దరికీ సంతోషమే.

ఇంగ్లీషు గ్రామరు ప్రశ్నల్ని మళ్ళీ రెండుగా చీలుస్తుంది. అవునో కాదో చాలనేవి ఒకటి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని కూపీ తీసేవి ఇంకోటి. ఈ తేడా మా పెద్దవాళ్ళకు గ్రామరు చదవకుండానే తెలుసు. చెప్పులేసుకుని గుమ్మం దిగుతున్న మనిషిని "ఎక్కడికీ?" అని అడగకూడదు, అపశకునం. "దూరమా?" అనాలి. అంటే రెండో రకం ప్రశ్న నిషిద్ధం, మొదటి రకం సమ్మతం. ఎక్కడికి అంటే లెక్క చెప్పమన్నట్టు. దూరమా అంటే చెప్పాలనుంటే చెప్పు, లేకపోతే "ఆఁ, ఇక్కడికే" అని తప్పించుకో అని సందు విడిచినట్టు. శకునం మాట ఎలా ఉన్నా, ఆ నియమం కట్టినవాళ్ళకు ప్రశ్నలోని బలవంతం ఎక్కడుంటుందో బాగా తెలుసు.

నాలుగో గడికి వద్దాం. "ఎంత బాగుందో!" ఇది ఆశ్చర్యం. "ఎవరొచ్చారో" అనేది మాత్రం సందేహం. రెండిట్లోనూ ఉన్నది ఒకటే 'ఓ'. ముందొక ప్రశ్నమాట, చివర ఓ. తెలియకపోవడం, తెలిసి విస్తుపోవడం ఈ రెండూ మన భాషలో ఒకే తలుపు గుండా వస్తాయి. ఇంగ్లీషులో ఆశ్చర్యానికైతే గడి ఉంది, సందేహానికి లేదు. ఎవరొచ్చారో అనడానికి వాళ్ళు 'ఐ వండర్' అని మొదలుపెట్టి, చివర చుక్క పెట్టి, దాన్ని ఉన్నమాటల గడిలో పడేస్తారు. అలాగే 'ట'. "కాలవ కట్టేస్తారట." ఇది ఉన్నమాటేనా? చెప్పినవాడు పూచీ పడడం లేదు. తన చెవిన పడ్డది మన చెవిన వేశాడు, అంతే. ఈ వ్యాసం పేరు చివర కూడా అదే 'ట' ఉంది, గమనించే ఉంటారు.

ఇన్నిట్లోకీ నన్ను బాగా తిప్పలు పెట్టింది వేరే ఉంది. చుట్టపుచూపుగా ఎవరింటికైనా వెళ్ళి, కాసేపు కూర్చుని లేవబోతే ఇంటావిడ అంటుంది: "భోంచేసి వెళ్దురుగాని, కూర్చోండి." ఆ 'వెళ్దురుగాని' ఏ రకం వాక్యం? మీరు వెళ్తారు అని జరగబోయేది చెబుతోందా? అదీ ఉంది. వెళ్ళనిస్తాను అని అనుమతి ఇస్తోందా? అదీ ఉంది. ఇప్పుడు మాత్రం వెళ్ళొద్దని అడ్డుపడుతోందా? అసలు పని అదే. వద్దు అనే మాట ఎక్కడా లేకుండా ఆపడం, మీ వెళ్ళడాన్ని ఒప్పుకుంటూనే దాన్ని భోజనం అవతలికి జరపడం. చంటిపిల్లాడు పటిక బెల్లం కోసం మారాం చేస్తే "ముందు అన్నం తిను, తర్వాత తిందువుగాని" అంటుంది తల్లి. అక్కడా అంతే. ఇస్తానన్న మాట, ఇప్పుడు ఇవ్వనన్న మాట ఒకే క్రియలో ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషు చెయ్యమంటే ఒక వాక్యం చాలదు, ఒక గడీ చాలదు.

ఇక మొదటి గడి, అందరూ అమాయకమైనదనుకునేది. ఉన్నమాట చెప్పడం. వానాకాలంలో గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. "ధవళేశ్వరంలో 13.75 అడుగులు." చూడండి, ఇందులో క్రియ కూడా లేదు. తెలుగులో క్రియ లేని వాక్యం కూడా వాక్యమే, 'ఈజ్' కోసం వెతుక్కోనక్కర్లేదు. గళ్ళ పుస్తకం దీన్ని మొదటి గడిలో వేసి ఊరుకుంటుంది. లంకల్లో ఉండేవాళ్ళు దీన్ని విని గొడ్లను గట్టు మీదికి తోలతారు, బియ్యం మూటలు అటకెక్కిస్తారు, ముసలివాళ్ళను పడవెక్కిస్తారు. ఇంతకంటే గట్టి ఆజ్ఞ గోదావరి జిల్లాల్లో ఇంకోటి లేదు.

ఇది ఈనాటి విద్య కాదు. మా నిడదవోలు పాతపేరు నిరవద్యపురం. కాకతి రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఇక్కడి చాళుక్యుల బిడ్డే. ఆ కాలపు దానశాసనాలు ఎక్కడివి తీసుకున్నా చివర్న శాపం ఒకటి ఉంటుంది. ఈ భూమిని ఎవరూ లాక్కోవద్దు అని పురమాయించి ఊరుకోరు. లాక్కున్నవాడు అరవైవేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని చెబుతారు. వాక్యం చూస్తే భవిష్యత్తు గురించిన ఉన్నమాట. రాజుకు బతికున్నన్నాళ్ళూ మూడో గడి చాలు, చెయ్యండి అంటే చేస్తారు. తాను పోయాక, తన వంశం పోయాక, ఏ ఊరి పెద్దో ఏ కొత్త రాజో వచ్చి పొలం కలిపేసుకుంటుంటే ఆజ్ఞ ఎవడు వింటాడు? అందుకని అధికారం చెల్లనిచోట మొదటి గడిని నమ్ముకున్నారు. పురుగై పుట్టడం అబద్ధమని రుజువు చెయ్యడానికి ఎవరికీ వీలుండదు కదా.

వాక్యం ఆకారం వేరు, అది చేసే పని వేరు అన్న ఈ సంగతిని ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డులో ఉపన్యాసాలుగా చెప్పాడు. ఆయన పోయాక 1962లో అవి పుస్తకమయ్యాయి. మాట్లాడటమంటే లోకాన్ని వర్ణించడం ఒక్కటే కాదు, మాటతో మనం పనులు చేస్తామన్నది దాని సారం. మాట ఇస్తాం, పందెం కాస్తాం, పేరు పెడతాం, దీవిస్తాం. ఇదంతా చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన బళ్ళో తెలుగు వాచకం చివరి పేజీలు. విధ్యర్థకం, నిషేధార్థకం, ప్రార్థనార్థకం, అనుమత్యర్థకం, ఆశీరర్థకం, సందేహార్థకం, సామర్థ్యార్థకం... ఇంగ్లీషుకు నాలుగుంటే తెలుగుకు ఇన్నెందుకు పెట్టారురా బాబూ అని పిల్లలు తిట్టుకునే జాబితా అది. పరీక్షకు బరువే. కానీ అందులో తెలివి ఉంది. 'రా', 'రావద్దు', 'దయచేసి రండి', 'రావచ్చు' ఈ నాలుగూ నాలుగు పనులని ఆ జాబితాకు తెలుసు. రమ్మనేవాడు, ఆపేవాడు, వేడుకునేవాడు, అనుమతించేవాడు ఎదటివాడికి ఒకే దూరంలో నిలబడరని దానికి తెలుసు.

అలాగని మన వ్యాకర్తలు వాక్యాన్ని మొదట్నుంచీ పట్టించుకున్నారని గొప్పలు పోనక్కర్లేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పరిచ్ఛేదాలు పది. సంజ్ఞ, సంధి, కారకం, సమాసం, క్రియ అన్నీ ఉన్నాయి, వాక్యానికి విడిగా పరిచ్ఛేదం లేదు. మాట తయారయ్యే తీరు చూశారు గానీ మాటలు కలిసి నడిచే తీరు మీద చూపు తక్కువ. ఆ లోటు తీర్చడానికి చేకూరి రామారావుగారు రావలసి వచ్చింది. అమెరికాలో చామ్‌స్కీ 1957లో మొదలుపెట్టిన పరివర్తన వ్యాకరణాన్ని ఒంటపట్టించుకుని, మనం రోజూ మాట్లాడే వాక్యాలనే విప్పి చూపిస్తూ 1975లో 'తెలుగు వాక్యం' రాశారు. పదేళ్ళకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు, ఒకప్పుడు మన రాష్ట్రంలో ఐసీఎస్ అధికారిగా పనిచేసిన జె. పి. ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగుకు వ్యాకరణం కట్టారు. అదీ ఇంగ్లీషులోనే.

వాక్యాలకు ఇంకో విభజన కూడా ఉంది. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్. మనం సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలంటాం. ఇక్కడ తెలుగువాడికి చిక్కు వేరే రకం. "పొద్దున్నే లేచి, కాలవకెళ్ళి, స్నానం చేసి, కాఫీ తాగి, బండెక్కి, రాజమండ్రిలో దిగాడు." ఇంజను చివర్న ఉండి పెట్టెలన్నిటినీ వెనకనుంచి నెట్టుకొచ్చే రైలు మన వాక్యం. దిగాడు అన్నదాకా వీటికి కాలమూ లేదు, కర్తా తేలడు. ఇంగ్లీషులో ఇంజను ముందుండాలి. అందుకని మన పిల్లల ఇంగ్లీషు కథల్లో 'అండ్ దెన్' 'అండ్ దెన్' అని ప్రతి పెట్టెకూ ఒక ఇంజను తగిలిస్తారు. ఒక్క కాంప్లెక్స్ వాక్యం మాత్రం తెలుగునాట ప్రతి విద్యార్థీ పుట్టుకతో వచ్చినట్టు రాస్తాడు: "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." సెలవు చీటీ. దానికింత పట్టు ఎందుకొచ్చిందంటే, అది తెలుగు నడకే. ముందు కారణం, తర్వాత కోరిక. జ్వరం సంగతి చెప్పకుండా సెలవడిగితే మనకు మొహమాటం. పైగా కోరికను ఆజ్ఞగా కాక "ఐ రిక్వెస్ట్ యూ" అని ఉన్నమాటగా రాస్తాడు. ఇంపరేటివ్‌ను తప్పించుకునే విద్యను ఎవరూ నేర్పకుండానే ఆ చీటీ నేర్పింది.

ఇప్పుడు సర్కారు బళ్ళలో పిల్లల చేతికిచ్చే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదటి పేజీ తెలుగు. అటు 'రీడ్', 'రైట్', 'ఫిల్ ఇన్ ద బ్లాంక్స్'. ఇటు 'చదవండి', 'రాయండి', 'ఖాళీలు పూరించండి'. ఇంట్లో ఏరా, ఒరేయ్ తప్ప వినని పదేళ్ళ కుర్రాణ్ణి మొదటిసారి మీరు అని మన్నించేది ఈ తెలుగు పేజీ. ఇంగ్లీషు పేజీలో ఆ మన్నన ఉందో లేదో తెలుసుకునే ఆనవాలే లేదు. రెండు పేజీలూ ఒకదానికొకటి సరిపోయాయని అనుకుంటాం. సంగతి సరిపోయింది, వరస సరిపోలేదు.

కనక మా అరుగు మీద ఈమధ్య నాలుగు గళ్ళ పక్కన ఇంకో గడి గీయిస్తున్నాను. ఐదో రకం వాక్యానికి కాదు. 'ఎవరు, ఎవరితో' అని రాయడానికి. 'ఓపెన్ ద డోర్' అని ఇస్తాను. ఒక పిల్ల "పోలీసు, దొంగతో" అని రాసింది. పక్కవాడు "దొంగ, ఇంటాయనతో" అన్నాడు. ఇంకొకడు "నాన్న, రాత్రి ఆలస్యంగా వచ్చి, అమ్మతో" అని రాసి, "అలాగైతే మా నాన్న ఇలా అనడు మాస్టారూ, పడుకున్నావా అంటాడు" అని తనే కొట్టేశాడు. అంటే మూడో గడి వాక్యాన్ని తీసి రెండో గడిలో పెట్టాడు. మర్యాద కోసం కొంత, భయం కోసం కొంత. ఇంగ్లీషు ఎందుకు 'వుడ్ యూ మైండ్' అంటుందో వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

పరీక్షలో ఈ గడికి మార్కుల్లేవు. పిల్లలూ అది కనిపెట్టి అడిగారు, ఇది ఇంపార్టెంటా అని. పబ్లిక్‌లో రాదు అన్నాను. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు, పై అధికారికి మెయిలు కొట్టేటప్పుడు, అత్తగారింట్లో మంచినీళ్ళు అడిగేటప్పుడు, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చెప్పుకునేటప్పుడు మార్కులన్నీ దీనికే వేస్తారు, పేపరు మాత్రం చేతికివ్వరు అని కూడా అన్నాను.